బయలుదేరే చోటు

ఒంటిగంటకి మా వేళచ్చేరి వీధిలోకి నీళ్ల లారీ వస్తుంది.
ఒంటిగంటకే బెర్గెన్‌లో మీటింగు.
బిందెలు వరసలో పెట్టి, పైకి పరిగెత్తుకొచ్చి
మైకు నొక్కి, ఆయాసం మింగి
"గుడ్ మార్నింగ్" అంటాను.
చలికాలం వాళ్లు గడియారం ముల్లు వెనక్కి జరుపుతారు.
ఆ ఐదు నెలలూ మీటింగు రెండింటికి.
నా బిందెలకి అదే పండగ.

నా పేరు చెంచులక్ష్మి. సూళ్లూరుపేటలో పెట్టారు.
వాళ్లకి నేను చెన్.
"మీ ఊరి పేరే పెట్టుకున్నావా?" అని క్నూట్ అడిగాడొకసారి,
నిజంగానే అడిగాడు పాపం.
కాదని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.
ఆ నాలుగు నిమిషాలు టైమ్‌షీట్‌లో
ఎక్కడ రాయాలో తెలీలేదు.

నా పని పడవ టికెట్లు.
కొనడం కాదు, ఎక్కడం కాదు.
అక్కడి దీవుల మధ్య తిరిగే పడవలకి
టికెట్లు సరిగ్గా తెగుతున్నాయో లేదో చూడ్డం.
ముసలావిడ, కుక్క, సైకిల్, వెరసి రాయితీ ఎంత?
చంటిబిడ్డకి టికెట్ ఉందా?
ఆఖరి పడవ వెళ్లిపోయాక ఒకడొచ్చి బటన్ నొక్కితే
తెర ఏమనాలి?
నోరు తిరగని నలభై రెండు రేవుల పేర్లు
నాకు కంఠతా వచ్చు.
ఇక్కడ బీచికి వెళ్లి ఎన్నాళ్లయిందో మాత్రం గుర్తు లేదు.

బ్యాంకు కుర్రాడు జీతం చీటీ అడుగుతాడు.
లేదు బాబూ, ఇన్‌వాయిస్ ఉంది.
ఉద్యోగం కాదా మేడం? పనేనయ్యా.
మరి కంపెనీ? నేనే.
నేనే యజమాని, నేనే ప్యూను,
జ్వరమొస్తే సెలవు చీటీ రాసేదీ కొట్టేసేదీ నేనే.
ప్రతి నెలా క్రోనర్లు రూపాయలయ్యే దారిలో
ఒక గడి నన్నాపి అడుగుతుంది:
ఈ డబ్బు ఏ నిమిత్తం?
లిస్టులోంచి ఒక నెంబరు ఎంచుకుంటాను.
చీటీపాట వాయిదాకి నెంబరు లేదు.
ఊరికే బతకడానికీ లేదు.

డిసెంబరులో మూడ్రోజులు వాన.
మొదటిరోజు బండి మునిగింది.
రెండోరోజు కరెంటు.
మూడోరోజు కింది వాటా జెసింత ఆంటీ
ఇంట్లో ఫ్రిజ్ తేలుతుంటే మా మెట్లమీద కూర్చుని
నాకు తెలియని సీరియల్ కథంతా చెప్పింది.
ఫోన్లో ఆఖరి నాలుగు శాతం.
క్నూట్ మెసేజ్:
"వార్తల్లో చూశాం. క్షేమమేనా చెన్?
తొందరేం లేదు గానీ, ఆఖరి పడవ కేసు అయిందా?"

అప్పుడొచ్చింది కాశిమేడు నుంచి ఒక ఫైబర్ పడవ,
సరిగ్గా లారీ ఆగే చోటికి.
ల్యాప్‌టాప్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి
దాన్ని బియ్యం సంచిలో దూర్చి
నెత్తిన పెట్టుకుని దిగాను నడుం లోతు నీళ్లలోకి.
పుట్టాక నేను పడవెక్కడం అదే మొదలు.
జెసింత ఆంటీ, ఆవిడ పిల్లి, ఎవరిదో సైకిలు.
రాయితీ ఎంతో ఎవరూ అడగలేదు.

పడవాయన దేశయ్య
నా కంగారు విని తెలుగులోకి దిగాడు.
"యాడ దించమంటావు పాపా?"

బయలుదేరే చోటు, చేరే చోటు.
రెండు గడుల్లో ఏది ఖాళీగా వదిలినా
ఎర్ర గీత రావాలి, పడవ కదలకూడదు.
ఆ కేసు రాసింది నేనే.
నోరు తెరిచాను.
నలభై రెండు రేవులూ నాలుక చివరికొచ్చాయి.
ఒక్కటీ ఇక్కడిది కాదు.
ఆయన నా మొహం కాసేపు చూసి
గెడ నీళ్లలో పొడిచి
"సరే, కూసో" అన్నాడు.
కదిలింది.

నెలాఖరు ఇన్‌వాయిస్‌లో మూడు రోజులు తీసేశాను.
ఆఖరి పడవ కేసు ఎదురుగా పాస్ అని రాశాను.
రిమార్కుల గడిలో దేశయ్య పేరు టైపు చేసి
కాసేపు చూసి, చెరిపేశాను.
మీటింగు రెండింటికి.
వీధిలో ఇంకా బురద.
లారీ మాత్రం ఒంటిగంటకే వచ్చింది.